ఖరీదైన విస్కీలో ఖరీదు ఎక్కడుంది?

ప్రశ్న: ఓడ ఉద్యోగంలో ఉన్న మా బావగారు ఈసారి సెలవుకు వస్తూ సింగపూర్ విమానాశ్రయంలో పద్దెనిమిదేళ్ల స్కాచ్ సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతోనే చేసిన స్కాట్లండ్ విస్కీ) సీసా ఒకటి కొని తెచ్చారు. నలుగురం కూర్చుని ఐసు, సోడా వేసుకుని, చేపల వేపుడు నంజుకుంటూ రుచి చూశాం. మిగిలిన ముగ్గురూ ఆహా అన్నారు గాని, మా ఊరి బ్రాందీ షాపులో దొరికే దేశవాళీ విస్కీకీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు. లోపం నా నాలుకలో ఉందా, లేక సీసా ధరలో ఉందా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: రెంటిలోనూ లేదు. లోపం ముందుగా గ్లాసులో ఉంది. ఐసు వేసిన విస్కీలో వాసన సగం అణగిపోతుంది, సోడా బుడగల చురుకు మిగిలిన సగాన్ని కప్పేస్తుంది, ఆ పైన చేపల వేపుడులోని కారం నాలుకను మరో రుచికి చోటివ్వనంతగా ఆక్రమిస్తుంది. ఆ పరిస్థితిలో పద్దెనిమిదేళ్ల సరుకును గుర్తుపట్టడం ఎవరికైనా కష్టమే. సోడాతో తాగడం తప్పని నేను అనడం లేదు. వేసవి సాయంత్రం అదే హాయి అనుకునేవారిలో నేనూ ఒకణ్ణి. అయితే అలా తాగదలచినప్పుడు ఖరీదైన సీసా మూత తీయనక్కరలేదు.

ఇక ధర సంగతి. మీరు పలాసవారు గనుక మీకు జీడిపప్పు లెక్క చెబితే సులువుగా అర్థమవుతుంది. పౌను బరువుకు సుమారు 180 గుండ్లు తూగే పెద్ద పప్పుకు ఒక ధర, 320 తూగే చిన్న పప్పుకు మరొక ధర, బద్దకూ ముక్కకూ ఇంకా తక్కువ ధర. పాయసంలో పడ్డాక గుండుకూ ముక్కకూ రుచిలో భేదం ఎవరూ చెప్పలేరు. అయినా పెళ్లివారికి పంపే పళ్లెంలో ముక్కలు పెట్టరు. ధరలో నాలుకకు అందే భాగం ఒకటి, కంటికీ మర్యాదకూ చెందే భాగం మరొకటి ఉంటాయి. విస్కీ ధరలో ఈ రెంటితో పాటు కాలానికీ ప్రభుత్వానికీ చెందే భాగాలు కూడా ఉన్నాయి.

కాలం భాగం నిజమైన ఖర్చే. బ్రిటన్ చట్టం ప్రకారం స్కాచ్ అనిపించుకోవాలంటే ఆ మద్యం స్కాట్లండ్‌లోనే ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు ఉండాలి, సీసాలోకి వచ్చేసరికి ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదు. సీసా మీద పద్దెనిమిది అని వేస్తే, అందులో కలిసిన విస్కీలన్నింటిలోకీ వయసులో చిన్నదానికి పద్దెనిమిదేళ్లు నిండాయని అర్థం. పీపాలో ఉన్నంతకాలం చెక్క రంధ్రాల గుండా సరుకు ఆవిరైపోతూనే ఉంటుంది. స్కాట్లండ్ చలిలో ఇది ఏడాదికి రెండు శాతం వరకు ఉంటుంది. దానిని అక్కడివారు దేవదూతల వాటా అంటారు. ఆ లెక్కన రెండు వందల లీటర్ల పీపాలో పన్నెండేళ్లకు సుమారు 157 లీటర్లు, పద్దెనిమిదేళ్లకు 139 లీటర్లు మిగులుతాయి. ఆరేళ్ల అద్దె, కాపలా, పెట్టుబడి మీద వడ్డీ దీనికి తోడు. అందువల్ల పద్దెనిమిదేళ్ల సీసా పన్నెండేళ్లదానికంటే ఖరీదు కావడంలో మోసమేమీ లేదు. కాని ధర రెట్టింపైనంత మాత్రాన రుచి రెట్టింపు కాదు. కొన్ని పీపాలు పన్నెండేళ్లకే పక్వానికి వస్తాయి, ఆ తరువాత చెక్క వగరు పెరగడం తప్ప వాటికి ఒరిగేదేమీ ఉండదు.

మన దేశపు ఎండలో ఈ లెక్క పూర్తిగా మారిపోతుంది. బెంగళూరు వంటి చోట ఏడాదికి పది శాతం దాకా ఆవిరైపోతుంది. నాలుగేళ్లకే మూడింట ఒక వంతు మాయం. చెక్క గుణం కూడా అంతే వేగంగా మద్యంలోకి దిగుతుంది. అందుకే అమృత్ వంటి బెంగళూరు సింగిల్ మాల్ట్‌కు నాలుగైదేళ్ల వయసు చాలింది. 2004లో ఆ కంపెనీ దానిని మొదటగా విడుదల చేసినది స్కాచ్ పుట్టిన గడ్డ మీద, గ్లాస్గో నగరంలో. మన దేశపు మాల్టు సీసా మీద వయసు కనిపించలేదని దానిని చిన్నచూపు చూడనక్కరలేదు.

ప్రభుత్వం భాగానికి వస్తే, విదేశీ సీసా మీద ఎన్నో ఏళ్లపాటు 150 శాతం దిగుమతి సుంకం ఉండేది. వెయ్యి రూపాయల విలువతో ఓడ దిగిన సీసా రేవు దాటేసరికి రెండు వేల అయిదు వందలయ్యేది, రాష్ట్రం పన్నూ దుకాణం లాభమూ ఆ తరువాతి మాట. 2025 జులైలో భారత్, బ్రిటన్ సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం ప్రకారం స్కాచ్ మీద ఈ సుంకం మొదట 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి దిగాలి. మీ బావగారు విమానాశ్రయంలో కొన్నారు గనుక ఈ భారం ఆయన మీద పడలేదు (ప్రయాణికుడికి రెండు లీటర్ల వరకు మినహాయింపు ఉంది). కాబట్టి అదే సీసాను శ్రీకాకుళంలో కొని ఉంటే ఎంతయ్యేదో ఆ ధరతో పోల్చి దాని రుచిని నిందించడం న్యాయం కాదు.

మరి ఏ మెట్టు దగ్గర తేడా నాలుకకు నిజంగా తెలుస్తుంది? నా అనుభవంలో మొదటి మెట్టు దగ్గర. మన దగ్గర చవకగా దొరికే విస్కీలలో చాలావాటికి ఆధారం చెరకు మొలాసిస్ (చక్కెర తీయగా మిగిలే మడ్డి) నుంచి తీసిన, వాసన లేని స్పిరిట్. దానిలో కొంత మాల్టు స్పిరిట్ కలుపుతారు, కొన్నింటిలో కాస్త స్కాచ్ కూడా ఉంటుంది. ధాన్యం నుంచి తీయనిదానిని ఐరోపా దేశాలలో విస్కీ పేరుతో అమ్మనివ్వరు. ఆ చవక విస్కీ నుంచి, కేవలం మొలకెత్తిన బార్లీతోనే చేసిన మాల్టుకు మారినప్పుడు తేడా అలవాటు లేనివారికి కూడా తెలుస్తుంది. పన్నెండేళ్లదాని నుంచి పద్దెనిమిదేళ్లదానికి మారితే శ్రద్ధ పెట్టినవారికి తెలుస్తుంది. అక్కడి నుంచి పైకి, చెక్కపెట్టెలో పట్టుగుడ్డ మీద పడుకోబెట్టిన సీసాల లోకంలో, మనం కొనేది ఎక్కువగా అరుదుతనాన్ని.

పేరూ ధరా తెలిసిన నాలుక సాక్ష్యం చెల్లదు. 2008లో అమెరికా పరిశోధకులు ఒకే వైన్‌ను రెండు వేర్వేరు ధరలు చెప్పి తాగించినప్పుడు, ఎక్కువ ధర చెప్పినదే బాగుందని అన్నారట తాగినవారు. ఇష్టాన్ని నమోదు చేసే మెదడు భాగంలో కూడా చురుకుదనం పెరిగిందని స్కానింగులో కనిపించింది. అంటే వారు అబద్ధమాడలేదు, నిజంగానే వారికి బాగుంది. మీ ముగ్గురు మిత్రుల ఆహాకారాన్ని కూడా ఇలాగే అర్థం చేసుకోండి. విజయనగరంలో ఒక మిత్రుని ఇంట్లో లేబుళ్లకు కాగితం చుట్టి రుచి చూసిన రోజున, నేను ఎంతో గంభీరంగా ఖరీదైనదని తేల్చిన గ్లాసు ఆ బల్ల మీదున్న వాటిలో అతి చవకైనదని తేలింది. అప్పటి నుంచి నేను లేబులు చూసి వర్ణనలు చెప్పడం మానుకున్నాను.

మీరు కూడా ఆ పరీక్ష చేయండి. ఒకేరకం గ్లాసులు మూడు తీసుకుని, మీరు చూడకుండా ఇంట్లో ఎవరిచేతనైనా రెండింటిలో ఒక విస్కీని, మూడవదానిలో రెండవ విస్కీని పది మిల్లీలీటర్ల చొప్పున పోయించండి. వేరుగా ఉన్నదేదో కనిపెట్టడమే మీ పని. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది గనుక ఒక్క గెలుపును లెక్కచేయకండి. గ్లాసుల వరుస మార్చి పోయిస్తూ మూడు సార్లు వరుసగా కనిపెడితే, అది అదృష్టం వల్ల జరిగే అవకాశం ఇరవై ఏడింట ఒక వంతే. తేడా పట్టుకోగలిగితే అప్పుడు రెండవ ప్రశ్న: వాటిలో ఏది నచ్చింది? చవకైనదే నచ్చితే సిగ్గుపడవలసిన పని లేదు, ఆ మేరకు మీకు డబ్బు మిగిలినట్టే.

గ్లాసు అడుగు వెడల్పుగా, మూతి ఇరుకుగా ఉంటే వాసన చెదరకుండా నిలుస్తుంది. భోజనానికి ముందు, చల్లటి వేళ కూర్చోండి. మే నెల మధ్యాహ్నపు వేడిలో ఆల్కహాలు ఆవిరి ముక్కును మండించి మరేదీ తెలియనివ్వదు. ముక్కును గ్లాసులోకి దించకుండా, నోరు కొద్దిగా తెరిచి వాసన చూడండి. చిన్న గుక్కను నాలుకంతా తడిసేలా నిలిపి మింగి, ఆ తరువాత ముక్కు గుండా గాలి వదలండి. రుచి అని మనం అనుకునేదానిలో ఎక్కువ భాగం ఆ క్షణంలో వెనుక నుంచి ముక్కుకు చేరే వాసనే. తరువాత కొద్ది చుక్కల మంచినీళ్లు కలిపి మళ్లీ చూడండి. నీరు కలిసినకొద్దీ పొగ వాసననిచ్చే అణువులు ద్రవం పైభాగానికి చేరతాయని 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు కంప్యూటరు లెక్కలతో చూపించారు.

రుచి వర్ణనలలో వచ్చే, మనం ఎన్నడూ చూడని విదేశీ పూల పేర్లను పట్టించుకోకండి. ఓక్ చెక్కలోని లాక్టోన్లనే పదార్థాల వల్ల వచ్చే కొబ్బరి వాసనను ఉద్దానంలో పుట్టినవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపాలో ఊరినదానిలో ఎండుద్రాక్ష, తాటిబెల్లం తగులుతాయి. స్కాట్లండ్‌లోని ఐలా ద్వీపపు విస్కీలో కుంపటి పొగతో పాటు పాతకాలపు ఆసుపత్రి టింక్చరు వాసన వస్తుంది. తెల్లవారుజామున దించిన తాటికల్లుకూ సాయంత్రం పులిసినదానికీ తేడాను ముంత ఎత్తకముందే చెప్పే పెద్దలున్న జిల్లా మనది. ఆ ముక్కే ఇక్కడా పనికివస్తుంది. రంగును మాత్రం నమ్మకండి. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టం అనుమతిస్తుంది, కనుక ముదురు రంగు వయసుకు రుజువు కాదు.

ప్రశ్న: ఖరీదైన విస్కీ ఒంటికి ఏమీ చేయదని, మర్నాడు తలనొప్పి కూడా రాదని మావారు వాదిస్తారు. ఇది నిజమేనా?
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: నిజం కాదు. 42.8 శాతం ఆల్కహాలున్న ముప్ఫై మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు పది గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, సీసా వెల ఎంతైనా. ఆ పది గ్రాముల పట్ల కాలేయం చేసే పనిలో తేడా ఉండదు. మద్యంలో హానిలేని మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. తలనొప్పి విషయంలో ఆయన వాదన ఇంకా బలహీనం. పీపాలో ఊరిన విస్కీలో రుచినిచ్చే ఇతర పదార్థాలు వోడ్కాలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అవి మర్నాటి బాధను పెంచుతాయి. ఖరీదైనది తాగిన రాత్రి తేలిగ్గా గడిచిందంటే, ఖరీదు గుర్తుకొచ్చి తక్కువ పోసుకుని ఉంటారు.

ప్రశ్న: ఇరవై ఏళ్ల కిందట నా పదవీ విరమణకు శిష్యులు ఇచ్చిన పన్నెండేళ్ల స్కాచ్ సీసా మూత తీయకుండా అలాగే ఉంది. ఇప్పుడది ముప్ఫై రెండేళ్ల విస్కీ అయినట్టేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: కాదండీ, అది ఇప్పటికీ పన్నెండేళ్లదే. విస్కీకి వయసు చెక్కలోనే పెరుగుతుంది, గాజులో ఆగిపోతుంది. ఎండ తగలకుండా నిలబెట్టి ఉంచారా అన్నదే చూడండి. పడుకోబెడితే ఘాటైన ఆల్కహాలు బిరడాను తినేస్తుంది. ద్రవం సీసా మెడ దాకా ఉంటే సరుకు బాగానే ఉండి ఉంటుంది. మూత తీసేటప్పుడు పాత బిరడా విరిగే ప్రమాదం ఉంది కనుక వడకట్టుకోవడానికి శుభ్రమైన గుడ్డ దగ్గర పెట్టుకోండి. తీశాక సగానికి దిగిన సీసాను ఏళ్లకు ఏళ్లు దాచకండి, లోపలి గాలికి వాసన కొన్ని నెలల్లోనే పలచబడుతుంది. ఖాళీ సీసాను మాత్రం పాత సామాన్లవాడికి వేయకండి. అలాంటి సీసాలను కొని, చవక మందు నింపి, మళ్లీ మూత బిగించి అమ్మేవారున్నారు. లేబులు చించి, మూత వంచి పారేయండి.