అమెరికాలో స్టేట్, కౌంటీ ఆఫీసుల్లో ఇంటర్న్‌షిప్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అమెరికాలో మాస్టర్స్ చదువుతున్న తెలుగు విద్యార్థుల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ప్రభుత్వ ఆఫీసుల్లో ఇంటర్న్‌షిప్ గురించే. దాదాపు అందరూ ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవారే కాబట్టి జవాబులు కూడా వారిని దృష్టిలో పెట్టుకునే ఇస్తున్నాం.

ప్రశ్న: ఫెడరల్ ఇంటర్న్‌షిప్ ప్రకటన ఏది చూసినా 'సిటిజన్లకు మాత్రమే' అని ఉంటోంది. స్టేట్, సిటీ ఆఫీసుల్లోనూ అంతేనా? అసలు ఎక్కడ వెతకాలి?
– ఎం.పి.ఏ. విద్యార్థిని, ఇల్లినాయ్

అంతే కాదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల నుంచి సిటిజన్లు కానివారిని మూకుమ్మడిగా తప్పించడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1973లోనే న్యూయార్క్‌కు సంబంధించిన ఒక కేసులో తేల్చింది. పోలీసు ఉద్యోగాలకు 1978లో, ప్రొబేషన్ ఆఫీసర్లకు 1982లో ఈ నియమం నుంచి మినహాయింపు ఇచ్చింది, అంటే ఆ ఉద్యోగాలను సిటిజన్లకే పరిమితం చేయవచ్చు. అందుకే షెరీఫ్ ఆఫీసు, స్టేట్ పోలీస్, జైళ్ల శాఖల వైపు వెళ్లి సమయం పోగొట్టుకోవద్దు. బడ్జెట్, రవాణా, పట్టణ ప్రణాళిక, ప్రజారోగ్యం, నీటి సరఫరా, ఆడిట్ శాఖల్లో తలుపులు తెరిచే ఉంటాయి. అలాగని ఎఫ్-1 విద్యార్థిని తీసుకుని తీరాలని ఏ ఆఫీసుకూ నిబంధన లేదు. ప్రకటనలో వర్క్ ఆథరైజేషన్ గురించి ఏం రాశారో ముందు చదవండి. స్పష్టంగా లేకపోతే దరఖాస్తు పెట్టే ముందే హెచ్‌ఆర్‌కు రెండు వాక్యాల ఈమెయిల్ రాయండి: "నాకు సీపీటీ ద్వారా పనిచేసే అనుమతి వస్తుంది. మీ నుంచి స్పాన్సర్‌షిప్, ఫీజు ఏమీ అక్కర్లేదు." (సీపీటీ అంటే చదువులో భాగంగా పనిచేయడానికి ఎఫ్-1 విద్యార్థికి ఇచ్చే అనుమతి.)

లింక్డ్‌ఇన్‌ను నమ్ముకుంటే సగం ప్రకటనలు కనపడవు. సిటీలు, కౌంటీలు చాలావరకు గవర్నమెంట్‌జాబ్స్ డాట్ కామ్‌లో పెడతాయి. కాలిఫోర్నియా రాష్ట్ర శాఖలకు కాల్‌కెరీర్స్ సైట్ ఉంది. 'ఇంటర్న్' అనే మాటతోనే వెతికితే కూడా చాలా తప్పిపోతాయి. 'స్టూడెంట్ అసిస్టెంట్', 'గ్రాడ్యుయేట్ స్టూడెంట్ అసిస్టెంట్', 'మేనేజ్‌మెంట్ ఫెలో', 'అడ్మినిస్ట్రేటివ్ ఇంటర్న్' అని కూడా వెతకండి. మీ రాష్ట్రంలోనే, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని యూనివర్సిటీ ఆఫ్ ఇల్లినాయ్ నడిపే గ్రాడ్యుయేట్ పబ్లిక్ సర్వీస్ ఇంటర్న్‌షిప్ ఉంది. సెమిస్టర్‌లో వారానికి 20 గంటలు స్టేట్ ఏజెన్సీలో పని, దానికి స్టైపెండ్, ట్యూషన్ మాఫీ ఉంటాయి. ఎవరూ అంతగా పట్టించుకోని చోట్లు ఇంకొన్ని ఉన్నాయి: మెట్రోపాలిటన్ ప్లానింగ్ ఆర్గనైజేషన్లు (నగర ప్రాంతాల రవాణా ప్రణాళిక సంస్థలు), ట్రాన్సిట్ అథారిటీలు, వాటర్ డిస్ట్రిక్ట్‌లు. జీఐఎస్ (మ్యాపుల సాఫ్ట్‌వేర్), ఎస్‌క్యూఎల్, ఆర్ (డేటా భాషలు) వచ్చినవాళ్లు ముందు వీటి వైపే చూడాలని మా సలహా.

దరఖాస్తు దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ప్రైవేటు కంపెనీకి పంపినట్టు ఒక పేజీ రెజ్యూమె జతచేసి, ఫారంలోని అనుబంధ ప్రశ్నలకు 'రెజ్యూమె చూడండి' అని రాసేస్తారు. ప్రభుత్వ హెచ్‌ఆర్‌లో తొలి వడపోత కనీస అర్హతల పట్టిక పెట్టుకుని చేస్తారు. ఫారంలో కనపడని అర్హత లేనట్టే లెక్క. ప్రతి ప్రశ్నకూ అక్కడికక్కడే పూర్తి జవాబు రాయండి. ఏ కోర్సు, ఎన్ని క్రెడిట్లు, ఏ సాఫ్ట్‌వేర్, ఎన్ని నెలలు అన్నీ ఉండాలి.

ప్రశ్న: కౌంటీ ఆఫీసు నుంచి ఏప్రిల్‌లో ఆఫర్ వచ్చింది, జూన్ మొదటివారంలో చేరమన్నారు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఇంకా కాలేదు. ఈలోగా 'ఈఏడీ కార్డు పంపండి' అని హెచ్‌ఆర్ అడుగుతోంది. నా దగ్గర లేదు. ఏం చేయాలి?
– పట్టణ ప్రణాళిక విద్యార్థి, కాలిఫోర్నియా

మీకు ఈఏడీ అవసరం లేదు. అది ఓపీటీ (సాధారణంగా చదువయ్యాక పనిచేసే అనుమతి) వాళ్లకు వచ్చే వర్క్ పర్మిట్ కార్డు. సీపీటీ అనుమతిని మీ యూనివర్సిటీ డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) ఇస్తారు. అది కొత్త ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే ఎఫ్-1 అర్హత పత్రం) రెండో పేజీలో ఆఫీసు పేరు, తేదీలు, పార్ట్‌టైమా ఫుల్‌టైమా అనే వివరాలతో అచ్చవుతుంది. ఐ-9 ఫారానికి (పనిచేసే అర్హతను యజమాని సరిచూసే ఫారం) మీరు చూపాల్సినవి మూడు: పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), సీపీటీ వివరాలున్న ఐ-20. ఈ మూడూ కలిసి లిస్ట్-ఏ (గుర్తింపు, పని అర్హత రెండింటికీ రుజువయ్యే) పత్రంగా చెల్లుతాయి. చిన్న కౌంటీల హెచ్‌ఆర్‌కు ఇలాంటి కేసు ఏడాదికి ఒకటి వస్తే ఎక్కువ, అందుకే కార్డు అడుగుతారు. వాదనకు దిగకుండా, యజమానుల కోసం ఇమ్మిగ్రేషన్ శాఖ ప్రచురించిన ఎం-274 హ్యాండ్‌బుక్‌లో ఎఫ్-1 విద్యార్థుల విభాగం లింకు పంపండి. దానికి మీ డీఎస్ఓ నుంచి ఒక ఉత్తరం తోడైతే సాధారణంగా పని జరిగిపోతుంది. మీరు చేరిన మూడు పనిదినాల్లోగా హెచ్‌ఆర్ ఐ-9 పూర్తిచేయాలి కాబట్టి ఆ మాట ముందే తేల్చుకోండి.

ఇక సీపీటీ. మామూలుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాకే ఇస్తారు. మొదటి సెమిస్టర్ నుంచే ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అని కోర్సు నియమాల్లో ఉన్న గ్రాడ్యుయేట్ ప్రోగ్రాములకు మాత్రం మినహాయింపు ఉంది. ఇంటర్న్‌షిప్ మీ కోర్సులో భాగమై ఉండాలి. అందుకే చాలా యూనివర్సిటీలు వేసవిలో ఒక ఇంటర్న్‌షిప్ క్రెడిట్‌కు రిజిస్టర్ చేయిస్తాయి. ఆఫర్ లెటర్‌లో ఆఫీసు పూర్తి పేరు, పనిచేసే చిరునామా, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, వారానికి గంటలు, చేసే పని వివరం ఉన్నాయో లేదో చూసుకోండి. వీటిలో ఒకటి లేకపోయినా డీఎస్ఓ వెనక్కి పంపుతారు. కౌంటీ హెచ్‌ఆర్ దాన్ని సరిచేసి మళ్లీ సంతకం పెట్టించేసరికి ఇంకో రెండు వారాలు పోవచ్చు.

వారానికి 20 గంటలు దాటితే అది ఫుల్‌టైమ్ సీపీటీ. అలాంటిది మొత్తం 12 నెలలు నిండితే ఆ డిగ్రీకి ఓపీటీ పూర్తిగా పోతుంది. పది పన్నెండు వారాల వేసవి ఇంటర్న్‌షిప్ వల్ల ఆ ప్రమాదం లేదు. పార్ట్‌టైమ్ గంటలు ఈ లెక్కలోకి రావు.

మీ అసలు ఇబ్బంది తేదీలది. బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఆలస్యమై, సీపీటీ మొదలైన రెండు వారాలకు చేరినా తప్పేమీ లేదు. సీపీటీ తేదీకి ఒక్కరోజు ముందు పనిచేసినా మాత్రం అది అనుమతి లేని ఉద్యోగమే. 'ఊరికే వచ్చి ఓరియెంటేషన్‌లో కూర్చో' అన్నా వెళ్లకండి. ఆలస్యంగా చేరి, ఆ రెండు వారాలు చివర్లో కలుపుకోవాలనుకుంటే ఐ-20లోని ముగింపు తేదీ రాకముందే పొడిగింపు తీసుకోవాలి. ఆ తేదీ దాటాక అడిగితే గడిచిన రోజులకు అనుమతి రాదు.

బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఆగిపోవడానికి తెలుగువాళ్ల విషయంలో ఎక్కువగా కనపడే కారణం పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో ముందుపేరు స్థానంలో 'ఎఫ్ఎన్‌యూ' (ముందుపేరు తెలియదు) అని వస్తుంది. దరఖాస్తులో మీరు మరోలా రాస్తారు, వేలిముద్రల ఫారంలో ఇంకోలా ఉంటుంది. అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు అక్షరం తేడా లేకుండా రాయండి. కాలిఫోర్నియాలో వేలిముద్రలు లైవ్ స్కాన్ అనే డిజిటల్ పద్ధతిలో తీస్తారు. ఆఫీసు ఇచ్చిన ఫారం లేకుండా వెళ్తే ఫలితం వాళ్లకు చేరదు.

ఇంతవరకూ సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే, సీపీటీ మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు. నంబర్ చేతికి రాకముందే పని మొదలుపెట్టడానికి చట్టం అడ్డురాదు.

ప్రశ్న: 'ఫండింగ్ ఖాయమైతే' అని ఆఫర్ లెటర్‌లో ఉంది. దీన్ని నమ్ముకుని వేరే ఆఫర్ వదులుకోవచ్చా?
– ఎం.ఎస్. విద్యార్థి, టెక్సస్

వెంటనే వదులుకోకండి. ముందు ఆ డబ్బు ఏ ఆర్థిక సంవత్సరానిదో అడగండి. అమెరికాలో 46 రాష్ట్రాలకు ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. న్యూయార్క్‌కు ఏప్రిల్ 1, మీ టెక్సస్‌కు సెప్టెంబర్ 1, అలబామా, మిషిగన్‌లకు అక్టోబర్ 1. సిటీలు, కౌంటీల తేదీలు రాష్ట్రంతో కలవాలని లేదు. జులై 1 రాష్ట్రాల్లో వేసవి ఇంటర్న్‌షిప్ సరిగ్గా రెండు బడ్జెట్ల మీద పడుతుంది. జూన్ 30తో పాత డబ్బు మురిగిపోతుంది, కొత్త బడ్జెట్ ఆలస్యమైతే జీతాలకు ఆధారం ఉండదు. నియామకాల నిలిపివేత వస్తే మొదట పోయేవి తాత్కాలిక పోస్టులే. టెక్సస్ రాష్ట్ర శాఖల్లో వేసవి నెలలు ఒకే ఆర్థిక సంవత్సరంలో ఉంటాయి కాబట్టి ఈ చిక్కు తక్కువ, కానీ సంవత్సరం చివర కాబట్టి శాఖ చేతిలో మిగిలిన సొమ్ము తక్కువ కావచ్చు. హెచ్‌ఆర్‌ను కాకుండా మిమ్మల్ని ఎంపిక చేసిన మేనేజర్‌ను సూటిగా అడగండి: "ఈ పోస్టుకు డబ్బు ఇప్పటికే కేటాయించారా? రాష్ట్ర నిధా, ఫెడరల్ గ్రాంటా? గ్రాంటైతే ఎప్పటి వరకు?" జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. ఈ ప్రశ్నలు అడిగినందుకు మిమ్మల్ని ఎవరూ తక్కువగా చూడరు. బడ్జెట్ తెలిసిన విద్యార్థి దొరికాడనుకుంటారు.

ప్రశ్న: సిటీ ఆఫీసులో జీతం లేని ఇంటర్న్‌షిప్ ఇస్తామంటున్నారు. జీతం లేదు కాబట్టి సీపీటీ అక్కర్లేదు కదా?
– పబ్లిక్ పాలసీ విద్యార్థిని, ఒహాయో

జీతం లేకపోయినా సీపీటీ తీసుకోండి, తప్పనిసరిగా. కార్మిక చట్టం ప్రభుత్వ ఏజెన్సీల్లో స్వచ్ఛంద సేవకు అవకాశం ఇస్తుంది కానీ, వీసా లెక్క వేరు. జీతం తీసుకునే ఉద్యోగి చేసే పనే మీరూ చేస్తుంటే అది ఉద్యోగమా సేవా అన్న ప్రశ్న రేపు ఎక్కడైనా రావచ్చు. సీపీటీ ఉంటే ఆ బెంగ ఉండదు, మధ్యలో స్టైపెండ్ ఇస్తామన్నా నిశ్చింతగా తీసుకోవచ్చు.

డబ్బు లెక్క కూడా వేసుకోండి. గంటకు 20 డాలర్ల చొప్పున వారానికి 40 గంటలు, 10 వారాలు చేస్తే 8,000 డాలర్లు. అందులోంచి వేసవి క్రెడిట్ ఫీజు, మూడు నెలల అద్దె, ప్రయాణం తీసేస్తే మిగిలేదే మీ సంపాదన. జీతం లేని చోట ఈ ఖర్చులన్నీ మీ చేతి నుంచే. సీపీటీకి ఒక్క క్రెడిట్ చాలునా, మూడు కావాలా అని డిపార్ట్‌మెంట్‌ను అడగండి. చాలామంది అడగకుండానే మూడింటికి కట్టేస్తున్నారు.

ప్రశ్న: ఆరోగ్య శాఖలో ఇంటర్న్‌గా చూస్తున్న డేటాతోనే క్యాప్‌స్టోన్ (కోర్సు చివరి ప్రాజెక్టు) రాయాలనుకుంటున్నాను. డిసెంబర్‌లో ఇండియా వెళ్లినప్పుడు అక్కడి నుంచి పనిచేయవచ్చా?
– ప్రజారోగ్య విద్యార్థిని, జార్జియా

రెండో ప్రశ్నకు ముందు జవాబు: అడగకుండా లాగిన్ కావద్దు. దేశం బయటి నుంచి తమ సిస్టమ్‌లు తెరవడాన్ని చాలా ఏజెన్సీలు నిషేధిస్తాయి. ఆఫీసు ల్యాప్‌టాప్ తీసుకెళ్లడానికీ రాతపూర్వక అనుమతి కావాలి.

క్యాప్‌స్టోన్ విషయంలో చాలామంది ఆఖరి నెలలో దెబ్బతింటారు. ఇంటర్న్‌గా డేటా చూసే అనుమతి వేరు, దాన్ని మీ పేపర్‌లో వాడుకునే అనుమతి వేరు. మొదటి రెండు వారాల్లోనే సూపర్‌వైజర్‌తో కూర్చుని నాలుగు సంగతులు కాగితం మీద పెట్టించండి: ఏ పట్టికలు వాడవచ్చు, వ్యక్తుల వివరాలు ఎవరు తొలగిస్తారు, చిన్న సంఖ్యలున్న (మనుషులను గుర్తుపట్టే వీలున్న) గడులను ఎలా దాచాలి, ప్రచురణకు ముందు ఎవరు చూడాలి. ఆరోగ్య డేటా అయితే డేటా వినియోగ ఒప్పందం అడుగుతారు, అది న్యాయవిభాగం దాటడానికి నెలలు పట్టొచ్చు. శాఖ కోసం చేసే మదింపునకు యూనివర్సిటీ ఐఆర్‌బీ (మనుషులకు సంబంధించిన పరిశోధనలను సమీక్షించే కమిటీ) అనుమతి అవసరం లేకపోవచ్చు కానీ, అదే క్యాప్‌స్టోన్‌గా మారితే అవసరమా కాదా అన్నది ఐఆర్‌బీయే చెప్పాలి, మీ గైడ్ కాదు. ఫెడరల్ ప్రభుత్వం రాసినవాటికి కాపీరైట్ ఉండదు కాబట్టి స్టేట్ ఆఫీసులోనూ అంతేననుకోవడం పొరపాటు. మీరు రాసిన రిపోర్టు శాఖకే చెందుతుంది.

ఆఫీసు పని గురించి ఫోన్‌లో పంపే మెసేజ్‌లు కూడా జాగ్రత్త. ప్రభుత్వ రికార్డులు కోరే హక్కు జనానికి ఉంది. సొంత ఫోన్లు, సొంత ఈమెయిళ్లలో ఉన్నా ప్రభుత్వ పనికి సంబంధించినవి రికార్డులేనని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. మీ రాష్ట్రం వేరైనా ఆఫీసు సంగతులు ఆఫీసు ఈమెయిల్‌లోనే ఉంచడం మంచిది.

ఒక మాట పని గురించి కూడా. పది వారాల ఇంటర్న్‌షిప్‌లో మొదటి రెండు వారాలు లాగిన్‌లకూ శిక్షణకూ పోతాయి. రిపోర్టు ముసాయిదా ఏడో వారానికి ఇవ్వకపోతే పైఅధికారుల సంతకాలు మీరు వెళ్లిపోయేలోగా పూర్తికావు.

ప్రశ్న: జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కోస్తున్నారు. సరైనదేనా?
– ఎం.ఎస్. విద్యార్థి, మేరీల్యాండ్

అమెరికాలో విద్యార్థిగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో, పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్‌గా ఉన్న ఎఫ్-1 విద్యార్థికి సీపీటీ జీతం మీద ఈ రెండూ వర్తించవు. కోత 6.2, 1.45 శాతాల చొప్పున మొత్తం 7.65 శాతం, అంటే 8,000 డాలర్ల మీద 612 డాలర్లు. ముందు పేరోల్ విభాగాన్నే వెనక్కి అడగండి. వాళ్లు ఇవ్వకపోతే ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు ఫారం 843తో పాటు 8316 పంపాలి. కాలిఫోర్నియా లాంటి చోట్ల జీతం చీటీలో 'పీఎస్‌టీ' పేరుతో 7.5 శాతం కోత కనపడితే అది పన్ను కాదు, సోషల్ సెక్యూరిటీ బదులు నడిచే పొదుపు పథకం. పని మానేశాక ఆ డబ్బు మీదే, తీసుకోవడం మరచిపోకండి.

ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ మాత్రం ఉంటుంది. రిటర్న్ నాన్‌రెసిడెంట్ల ఫారం 1040-ఎన్ఆర్‌లో వేయాలి. సాధారణంగా నాన్‌రెసిడెంట్లకు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి పన్ను లేకుండా తీసేసే స్థిర మొత్తం) లేదు, భారత విద్యార్థులకు రెండు దేశాల పన్ను ఒప్పందం 21వ అధికరణం కింద ఉంది. దాన్ని వదులుకుంటే చేజేతులా డబ్బు పోగొట్టుకున్నట్టే.

ప్రశ్న: సిటీ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ అయ్యాక అక్కడే ఉద్యోగం ఇస్తామంటున్నారు. ప్రభుత్వం కాబట్టి హెచ్-1బి (ఉద్యోగ వీసా) లాటరీ ఉండదట, నిజమేనా?
– డేటా అనలిటిక్స్ విద్యార్థి, నార్త్ కరోలినా

లాటరీ నుంచి మినహాయింపు ప్రభుత్వ పరిశోధన సంస్థలకూ, యూనివర్సిటీలకూ, వాటికి అనుబంధమైన లాభాపేక్ష లేని సంస్థలకూ ఉంది. మామూలు సిటీ బడ్జెట్ ఆఫీసుకు లేదు. అంతకంటే ముందు స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం డిగ్రీల వారికి ఓపీటీ పొడిగింపు) సంగతి చూడండి. 24 నెలల పొడిగింపు కావాలంటే యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను ఆన్‌లైన్‌లో సరిచూసే ఫెడరల్ వ్యవస్థ) నమోదై ఉండాలి. జార్జియా లాంటి రాష్ట్రాల్లో ప్రభుత్వ ఆఫీసులకు అది తప్పనిసరి, మరికొన్ని చోట్ల సిటీలు చేరనే లేదు. ఆఫర్ ఒప్పుకునే ముందే 'ఈ-వెరిఫైలో ఉన్నారా? ఐ-983 శిక్షణ ప్రణాళిక మీద సంతకం ఎవరు పెడతారు?' అని అడగండి. లేదని చెబితే మొదటి 12 నెలల ఓపీటీ అక్కడ చేసి, పొడిగింపు దరఖాస్తు పెట్టేలోగా ఈ-వెరిఫైలో ఉన్న ట్రాన్సిట్ అథారిటీ గానీ యూనివర్సిటీ గానీ చూసుకోవచ్చు.