మీ ప్రశ్న – మా జవాబు: లోపల పటాలం, బయట ఊరు

ప్రశ్న: మా అమ్మాయి జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్ యూనివర్సిటీలో చదువుతోంది. ఊరి మధ్యలో కార్ల పార్కింగ్ లోపల రోమన్ల కోటగోడ ఉందని ఫొటో పంపింది. "ఈ పాత ఊరంతా ఒకప్పుడు మిలిటరీ క్యాంపే అమ్మా" అంటోంది. సైన్యం కోసం కట్టిన కోట మామూలు జనం ఊరు ఎలా అయింది? సైన్యం పోయాక ఊరు కూడా ఎందుకు పోలేదు? వేసవిలో మేం వెళ్తున్నాం. ఏమేం చూడమంటారు?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమేనమ్మా. మీరడిగిన రెండో ప్రశ్న చాలామంది అడగరు. సైన్యం పోయాక ఊరెందుకు పోలేదన్నదే అసలు ప్రశ్న. దానికోసమే ఈ వారం పేజీలో ఎక్కువ చోటు మీకే ఇస్తున్నాను.

ముందు ఆ చోటు సంగతి. డాన్యూబ్ నది మొత్తం ప్రయాణంలో బాగా ఉత్తరానికి వెళ్ళేది అక్కడే. అక్కణ్ణించి ఆగ్నేయానికి తిరుగుతుంది. సరిగ్గా ఆ వంపు దగ్గరే ఉత్తరం నుంచి రేగెన్ అనే నది వచ్చి కలుస్తుంది. కొంచెం ఎగువన నాబ్ నది కలుస్తుంది. బొహీమియా (ఇప్పటి చెక్ దేశం) అడవుల వైపు నుంచి ఎవరు దిగినా ఆ నదుల లోయలు పట్టుకునే రావాలి. అందుకే రోమన్లు క్రీ.శ. 80 ప్రాంతంలోనే నదికి కాస్త దక్షిణంగా, ఇప్పుడు కుంప్ఫ్‌మ్యూల్ అనే పేట ఉన్న మెరకమీద ఒక చిన్న కోట కట్టుకుని కాపలా పెట్టారు. మార్కొమన్నీలు అనే జర్మన్ తెగతో జరిగిన యుద్ధాల్లో, 170ల్లో, అది నాశనమైంది.

అది రోముకి గడ్డుకాలం. తూర్పున పార్థియా (ఇప్పటి ఇరాన్ వైపు రాజ్యం) యుద్ధానికి వెళ్ళిన సేనలు మహమ్మారిని వెంటబెట్టుకుని తిరిగొచ్చాయి. ఉత్తర సరిహద్దు తెగింది. మార్కస్ అరేలియస్ చక్రవర్తి 165 ప్రాంతంలో ఇటలీలోనే రెండు కొత్త సేనలను లేపాడు. వాటిలో ఒకటైన మూడో ఇటాలికా లీజియన్ ఈ నది ఒడ్డుకొచ్చి పెద్ద రాతికోట కట్టింది. తూర్పు ద్వారం మీద ఉండిన శాసనం 1873లో దొరికింది. మొదట దాదాపు ఎనిమిది మీటర్ల పొడవుండేదట. అందులో మార్కస్ అరేలియస్ పేరు, ఆయన కొడుకు కొమ్మోడస్ పేరు, ద్వారాలతో బురుజులతో గోడ కట్టించిన సంగతి, మూడో ఇటాలికా పేరు ఉన్నాయి. దాన్నిబట్టే 179 అని ఏడాది గట్టిగా చెప్పగలుగుతున్నాం. ఒక ఊరు పుట్టిన ఏడాదిని రాతిమీద చదవగలగడం చరిత్ర చెప్పుకునేవాడికి ఎంత భాగ్యమో నేను మాటల్లో చెప్పలేను. ఆ మరుసటి ఏడాది మార్చిలో చక్రవర్తి చనిపోయాడు, కొమ్మోడస్ సంధి చేసుకున్నాడు. అంటే కోట పూర్తయ్యేసరికి యుద్ధం ముగింపుకొచ్చేసింది.

540 మీటర్ల పొడవు, 450 మీటర్ల వెడల్పు, మన లెక్కలో దాదాపు 60 ఎకరాలు. చెక్కుడు రాళ్ళను సున్నం లేకుండా ఒకదానిమీద ఒకటి పేర్చారు. లోపల సుమారు ఆరు వేలమంది సైనికులు. దీని పేరు కాస్ట్రా రెజీనా.

ఇక జనం ఊరి సంగతి. దీనికి మనం దూరం వెళ్ళక్కర్లేదు, మీ మల్కాజిగిరి పక్కనున్న లష్కరే చాలు. 1806లో సికందర్ జా పేరిట సికింద్రాబాద్ ఏర్పడ్డప్పుడు అక్కడున్నది ఇంగ్లీషువాళ్ళ దండు. ఆ దండు వెనకాలే బట్టలు కుట్టేవాళ్ళు, చెప్పులు చేసేవాళ్ళు, గుర్రాలకు గడ్డి తెచ్చేవాళ్ళు, వడ్డీకిచ్చేవాళ్ళు, కూరగాయల వాళ్ళు వచ్చి బజార్లు కట్టారు. రెజిమెంటల్ బజార్ ఆ పేరు ఈనాటికీ మోస్తోంది. మా తాతగారు ఆ వీధుల్లోనే పటాలం వాళ్ళ కోట్లు కుట్టి ఇల్లు నడిపారు. ఉజ్జయినికి వెళ్ళిన పటాలంతో పాటు ఉన్న సురటి అప్పయ్య తిరిగొచ్చి మహంకాళిని నిలబెట్టాడని లష్కర్ బోనాల కథ చెబుతుంది. అంటే మన పండగ కూడా దండుతోనే వచ్చింది.

రేగెన్స్‌బుర్గ్‌లోనూ ఇదే జరిగింది. కోటకు పడమటి వైపు వర్తకులు, చేతిపనివాళ్ళు, పూటకూళ్ళ ఇళ్ళవాళ్ళు కలిసి పెద్ద పేట కట్టుకున్నారు. సైనికుల భార్యాపిల్లలూ అక్కడే. నిజానికి సెప్టిమియస్ సెవెరస్ కాలందాకా, అంటే 197 ప్రాంతం వరకు, సర్వీసులో ఉన్న సైనికుడికి చట్టప్రకారం పెళ్ళి లేదు. ఇరవై అయిదేళ్ళు కొలువు చేసే మనిషి ఒంటరిగా ఎలా బతుకుతాడు? సంసారాలు గోడ బయట సాగాయి. రిటైరైనవాళ్ళు అక్కడే స్థిరపడ్డారు. 1870ల్లో రైలుమార్గం పనుల కోసం తవ్వుతుంటే ఆ పేట వాళ్ళ స్మశానం బయటపడింది. వేలాది సమాధులు! డాలెమ్ అనే పాస్టరు కూలీల వెంట ఉండి వాటిని నమోదు చేశాడు. ఆయన ఆ పని చెయ్యకపోతే ఆ మనుషుల గురించి ఈవేళ మనకు తెలిసేది చాలా తక్కువ. చక్రవర్తుల పేర్లు రాళ్ళమీద ఎలాగూ ఉంటాయి. కుండ, దీపం, పూసల దండ పక్కన పెట్టుకుని పడుకున్న మామూలు మనుషుల కోసం నిలబడ్డ ఆ పాస్టరంటే నాకెంతో గౌరవం.

మూడో శతాబ్దంలో కథ తిరగబడింది. అలమన్నీలు అనే జర్మన్ తెగల దాడులు మొదలయ్యాయి. బయటి పేట తగలబడింది. సైనికుల సంఖ్యా తగ్గుతూ వచ్చింది. అప్పుడు బయటి జనం కోటలోపలికి వచ్చేశారు. గోడ అదే, కానీ కాపలాకి కట్టిన చోట సంసారాలు వెలిశాయి. క్రీ.శ. 400 ప్రాంతానిదనే ఒక సమాధిరాయి దొరికింది, సర్మన్నీనా అనే క్రైస్తవ స్త్రీది. ఆ కోటకు సంబంధించి నన్ను అన్నిటికంటే కదిలించేది 179 నాటి శాసనం కాదు, ఆమె రాయి. మొదటిది ఎవరు కట్టారో చెబుతుంది, రెండోది ఎవరు ఉండిపోయారో చెబుతుంది.

తర్వాత ఆరో శతాబ్దం నుంచి బవేరియా డ్యూకులు ఆ గోడల మధ్యే గద్దె వేసుకున్నారు. 739లో బిషప్ పీఠం వచ్చింది. ఎనిమిదో శతాబ్దంలో అర్బెయో అనే బిషప్పు ఈ ఊరిని వర్ణిస్తూ చెక్కుడు రాళ్ళ గురించి, ఎత్తయిన బురుజుల గురించి, పుష్కలంగా ఉన్న బావుల గురించి రాశాడు. అప్పటికి రోమన్ గోడ వయసు దాదాపు ఆరువందల ఏళ్ళు! 920 ప్రాంతంలో డ్యూక్ ఆర్నుల్ఫ్ పడమటి వైపు గోడను పొడిగించి, అక్కడ మళ్ళీ ఎదిగిన వర్తకుల పేటను లోపలికి తీసుకున్నాడు. 1135 నుంచి 1146 వరకు డాన్యూబ్ మీద రాతివంతెన కట్టారు. 1663 నుంచి 1806 వరకు పవిత్ర రోమన్ సామ్రాజ్యపు (ఇది పాత రోము కాదు, జర్మన్ రాజ్యాల కూటమి) సభ దాదాపు ఎడతెగకుండా ఈ ఊళ్ళోనే కూర్చుంది.

గోడ గట్టిది కాబట్టి ఊరు నిలిచిందని కొందరంటారు. నేనొప్పుకోను. అదే నదికి దిగువన, ఇప్పటి ఆస్ట్రియాలో, కార్నుంటుం ఉంది. అక్కడా లీజియన్ కోటే, పక్కన ఇంతకంటే ఎంతో పెద్ద నగరం. 308లో చక్రవర్తులు సమావేశమైన చోటు అది. ఈనాడు పొలాల మధ్య తవ్వకాల పార్కుగా మిగిలింది. అక్కడ గోడలకు లోటు లేదు, ఉండిపోవడానికి మనుషులకు కారణం లేకపోయింది. రేగెన్స్‌బుర్గ్‌లో రేవు ఉంది, సంత ఉంది, ఆ పైన పాలకుడి నివాసం, బిషప్ పీఠం వచ్చాయి. సైన్యాన్ని నమ్ముకుని వచ్చిన పేట సైన్యం లేకుండా బతకడం నేర్చుకుంది. మీ ప్రశ్నకు నా జవాబు అదేనమ్మా.

చూడవలసినవి: ముందు ఉత్తర ద్వారం, పోర్టా ప్రేటోరియా. కెథెడ్రల్‌కు ఉత్తరంగా, నది వైపు వీధిలో ఉంది. ఒక కమాను, పక్కన బురుజు మిగిలాయి. వందల ఏళ్ళు బిషప్ భవనం గోడలో పూడిపోయి ఉండి, 1885లో బయటపడింది. కొత్త కట్టడం మింగేసింది కాబట్టే పాతది దక్కింది, రాళ్ళు పీక్కుపోవడానికి ఎవరికీ వీల్లేకపోయింది. మీ అమ్మాయి చెప్పిన పార్కింగ్ డాకౌప్లాట్జ్‌లోది. ఆ చౌక్‌లోనే ఉన్న చరిత్ర మ్యూజియంలో 179 నాటి శాసనం ఉంది. దాని ముందు కాసేపు నిలబడండి. కోట ఆగ్నేయ మూల ఎర్నస్ట్ రాయిటర్ ప్లాట్జ్ దగ్గర చెట్ల మధ్య కనిపిస్తుంది. సాయంత్రం రాతివంతెన అవతలి ఒడ్డుకు వెళ్ళి వెనక్కి చూస్తే, ఉత్తరం నుంచి వచ్చేవాళ్ళకు ఆ ఊరు ఎలా కనబడేదో తెలుస్తుంది.

ప్రశ్న: ఇలాంటి సరిహద్దు కోటలకు యునెస్కో గుర్తింపు ఉందా?
– ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: ఉంది. రేగెన్స్‌బుర్గ్ పాతనగరం 2006లోనే జాబితాలోకెక్కింది. డాన్యూబ్ వెంట జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేకియాల్లో ఉన్న రోమన్ సరిహద్దు కట్టడాలను కలిపి 2021 జులైలో చేర్చారు. మన రామప్ప గుడికి గుర్తింపు వచ్చింది కూడా అదే సమావేశాల్లో. ఆ వారమంతా మనం రామప్ప సంబరంలో ఉన్నాం, ఈ వార్త మన పత్రికల్లో పెద్దగా కనబడలేదు.

ప్రశ్న: మా తెలంగాణలో రోమన్ నాణేలు దొరికాయని సోషల్ సార్ చెప్పారు. రోమన్ సైన్యం ఇక్కడిదాకా వచ్చిందా?
– పదో తరగతి విద్యార్థి, ఉప్పల్

జవాబు: లేదు బాబూ, సైన్యం రాలేదు, వ్యాపారం వచ్చింది. మన మిరియాలు, పూసలు, నూలు బట్టలు కొనుక్కోవడానికి వాళ్ళ ఓడలు రుతుపవనాల గాలిమీద మన తీరాలకు వచ్చేవి. సరుకుకి బదులుగా వెండి, బంగారం ఇచ్చేవాళ్ళు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఒకేచోట వెయ్యికి పైగా వెండి నాణేలు దొరికాయి. పైన చెప్పిన కోట కంటే అవి నూటయాభై ఏళ్ళు పాతవి, అగస్టస్, తిబేరియస్ చక్రవర్తుల కాలానివి. ఆ నాణెం పేరు డెనారియస్. అగస్టస్ కాలంలో లీజియన్ సైనికుడి జీతం ఏడాదికి 225 డెనారియస్‌లు, తర్వాత డొమీషియన్ దాన్ని 300 చేశాడు. అంటే సరిహద్దులో సైనికుడి చేతికి జీతంగా అందినటువంటి నాణెమే మన రైతు నాగలికి తగిలిందన్నమాట. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో రోమన్ నాణేలున్నాయి. మీ సార్‌నడిగి క్లాసంతా వెళ్ళండి. తిబేరియస్ నాణెం కనిపిస్తే రెండు వైపులా చూడు: ఒకవైపు ఆయన తల, రెండోవైపు కూర్చుని ఉన్న స్త్రీమూర్తి, చుట్టూ లాటిన్ అక్షరాలు. ఆ అక్షరాలు నోట్‌బుక్‌లో దించుకుని నాకు పంపు, ఏం రాసుందో వచ్చే సంచికలో వివరిస్తాను.