పేషెంట్లను చూడని డాక్టరా? హెల్త్ పాలసీ వైపు వెళ్తానంటున్న అమ్మాయి గురించి ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతోంది. పీజీలో జనరల్ మెడిసినో, పిల్లల వైద్యమో చేస్తుందనుకున్నాం. ఇప్పుడేమో 'నాకు క్లినికల్ వద్దు నాన్నా, రీసెర్చ్ చేస్తా, అది ప్రభుత్వ నిర్ణయాలకు ఉపయోగపడాలి' అంటోంది. మా బంధువుల్లో ఇద్దరు డాక్టర్లున్నారు. 'ఎస్‌పీఎం (జనం మొత్తం ఆరోగ్యాన్ని చూసే కమ్యూనిటీ మెడిసిన్) తీసుకుంటే ప్రాక్టీస్ ఉండదు, జీవితాంతం రిపోర్టులు రాసుకుంటూ కూర్చోవాలి' అని భయపెడుతున్నారు. అసలు అలాంటి ఉద్యోగాలున్నాయా? పేషెంట్లను చూడకపోతే ఇంత చదువు వృథా కాదా? - ఒక తండ్రి, తణుకు

జవాబు: నమస్కారమండీ. మీ బంధువులు చెప్పినదాంట్లో కొంత నిజం లేకపోలేదు. కమ్యూనిటీ మెడిసిన్ చేసినవాళ్లకు సాయంత్రం క్లినిక్, దాని మీద వచ్చే రాబడి సాధారణంగా ఉండవు. మిగతాది మాత్రం ఆ పని దగ్గరగా చూడనివాళ్లు చెప్పే మాట. వాదించడం కన్నా ఒక ఉదాహరణ చెబుతాను. మీ అమ్మాయికీ చదివి వినిపించండి.

మంగళూరులోని యెనెపోయ మెడికల్ కాలేజీలో డాక్టర్ అనురాగ్ భార్గవ జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్. డాక్టర్ మాధవి భార్గవ కమ్యూనిటీ మెడిసిన్. అంతకుముందు ఇద్దరూ ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో టీబీ రోగులతో పనిచేస్తున్నప్పుడు రోగుల బరువులు లెక్కగట్టి 2013లో ప్రచురించారు. మగవాళ్ల మధ్యస్థ బరువు 42 కిలోలు, ఆడవాళ్లది 34 కిలోలు. పెళ్లయి పిల్లలున్న మనిషి 34 కిలోలుంటే మందులు ఎంతవరకు కాపాడతాయి? ఆ ప్రశ్న వార్డులో పుట్టింది. కానీ దాని జవాబు వార్డులో దొరికేది కాదు, ఎందుకంటే తిండి ఇవ్వడం డాక్టరు చేతిలో లేదు, ప్రభుత్వం చేతిలో ఉంది.

అందుకే తర్వాతి అధ్యయనాన్ని ప్రభుత్వ టీబీ కార్యక్రమంతో కలిసే చేశారు. చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ, జార్ఖండ్ టీబీ అధికారులు అందులో భాగస్వాములు. నాలుగు జిల్లాల్లో 2,800 మంది రోగులు, వాళ్ల ఇళ్లలో ఉండే 10,345 మంది. రోగులందరికీ పోషకాహారం ఇచ్చారు. ఇంట్లోవాళ్లలో మాత్రం ఒక గుంపుకు నెలనెలా పెద్దవాళ్లయితే మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు, రెండో గుంపుకు ఇవ్వలేదు. బియ్యం ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. 2023 ఆగస్టులో ఫలితాలు వచ్చాయి.

ఇక్కడ మీ అమ్మాయి గమనించాల్సింది ఆ 39 శాతం కన్నా ఆ సరుకుల మూటను. విటమిన్ మాత్రలు తప్ప అందులో ఉన్నవి రేషన్ షాపులో దొరికే సరుకులే. ఖరీదైన పౌడరు డబ్బాతో ఇదే అధ్యయనం చేసి ఇంకా మంచి ఫలితం తెచ్చినా, ఏ ఆర్థిక శాఖ అధికారీ ఆ ఫైలు ముందుకు కదపడు. ప్రభుత్వం రేపు ఏం ఇవ్వగలదో ముందే ఆలోచించి పరీక్ష పెట్టారు. టీబీ రోగులకు నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తున్నారు. 2024 నవంబర్‌లో దాన్ని 1,000 చేశారు. రోగి ఇంట్లోవాళ్లకు కూడా ఆహార బుట్టలు అందేలా దాతల పథకాన్ని విస్తరించారు. ఒక్క అధ్యయనం వల్లే ఇదంతా జరిగిందని నేననను, ప్రభుత్వ నిర్ణయాల వెనక చాలా ఉంటాయి. కానీ నిర్ణయం తీసుకునే రోజున బల్ల మీద ఆ కాగితం ఉండడం ముఖ్యం.

అన్నీ ఇంత చక్కగా కుదరవు. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానమే చూడండి. కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందని ఏళ్ల తరబడి పరిశోధనలు జరుగుతున్నాయి. నీళ్లలో ఏదో ఉందా, పురుగుమందులా, ఎండలో తోటపని చేస్తూ నీళ్లు సరిగా తాగకపోవడమా? ఇదే కారణమని తేలలేదు. తేలేదాకా ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోలేదు కదా. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం, ఊళ్లకు మంచినీటి పథకం ప్రారంభించారు. ఇలాంటి చోట 'మరింత పరిశోధన అవసరం' అని పేపరు చివర రాసి చేతులు దులుపుకునే పరిశోధకుడితో కలెక్టరుకు పని లేదు. ఇవాళ తెలిసినంతలో ఏం చేయొచ్చు, చేశాక అది పనిచేసిందో లేదో ఎలా కొలవాలి, ఈ రెండూ చెప్పగలిగినవాళ్లు కావాలి. వాళ్లు తక్కువ. మీ అమ్మాయికి అవకాశం ఉన్నది అక్కడే.

ఇక దారులు. నా సలహా, ఎంబీబీఎస్ తర్వాత ఎండీ కమ్యూనిటీ మెడిసిన్. మూడేళ్లు, స్టైపెండ్ వస్తుంది, థీసిస్ తప్పనిసరి కాబట్టి రీసెర్చ్ చేతికి అలవాటవుతుంది. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్ డిగ్రీ) కూడా మంచిదే. తిరువనంతపురం శ్రీచిత్రలోని అచ్యుత మీనన్ సెంటర్, చెన్నై జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్), సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. అప్పు చేసి అమెరికాలో ఎంపీహెచ్ చేద్దామన్న ఆలోచన ఉంటే మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వీసా కోసం ఎంపీహెచ్ తీసుకుని తర్వాత తల పట్టుకుంటున్న మన పిల్లలు నాకు చాలామంది తెలుసు. మన పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఎలా నడుస్తుందో తెలియకుండా అక్కడి పాఠం చదివితే ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు.

ఉద్యోగాల సంగతి. మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అన్నిటికన్నా స్థిరమైనది. రెండు రాష్ట్రాల్లోనూ కాలేజీలు పెరిగాయి, ప్రతి కాలేజీకీ ఈ డిపార్ట్‌మెంట్ ఉండి తీరాలి. ప్రభుత్వ కాలేజీలో సర్జరీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కూ ఈమెకూ పే స్కేలు ఒకటే. డబ్ల్యూహెచ్‌ఓ కింద జిల్లాల్లో జబ్బుల వ్యాప్తిని కనిపెట్టి చూసే సర్వైలెన్స్ మెడికల్ ఆఫీసర్లు, టీబీ కన్సల్టెంట్లు ఉంటారు. ఢిల్లీలో ఎన్‌సీడీసీ (జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం) నడిపే రెండేళ్ల ఎపిడెమిక్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ ఉంది, జబ్బులు ప్రబలినప్పుడు కారణం ఆరా తీయడం నేర్పుతారు. ఏ చికిత్సకు పెట్టిన ఖర్చు ఎంత ప్రయోజనం ఇస్తుందో లెక్కగట్టే హెల్త్ టెక్నాలజీ అసెస్‌మెంట్ విభాగం కేంద్రంలో ఉంది. దేశంలో అనేక సంస్థల్లో దానికి కేంద్రాలున్నాయి. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీ రేట్లు సవరించినప్పుడు చండీగఢ్ పీజీఐ నడిపిన ఖర్చుల అధ్యయనాన్ని వాడుకున్నారు. వీటిలో చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే, ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. ఆ టెన్షన్ ఉంటుంది, దాచడం ఎందుకు? అందుకే ఎండీ చేసి, ఒక కాలేజీలో కాలు మోపి, అక్కడి నుంచి ఇలాంటి ప్రాజెక్టుల్లోకి వెళ్లమంటాను.

పేషెంట్లను చూడకపోతే చదువు వృథానా అని అడిగారు. చూడాలండీ. కనీసం ఏడాది రెండేళ్లు పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుగా పనిచేస్తే చాలా మంచిది. మందుల ఇండెంట్ పెట్టి, సమీక్షా సమావేశంలో అంకెలు తక్కువొచ్చాయని చీవాట్లు తిని, ఒకే వివరాన్ని ఏఎన్ఎం రిజిస్టరులోనూ, ఫోన్ యాప్‌లోనూ రెండుసార్లు ఎక్కించడం చూస్తే, తర్వాత ఆమె సర్వేకు తయారుచేసే ప్రశ్నాపత్రం ఇరవై పేజీలుండదు.

ఇప్పుడు చేయగలిగింది ఒకటి చెబుతాను, దీంతో ఆమె ఇష్టం నిజమైనదో కాదో కూడా తేలుతుంది. కాలేజీలో వాళ్లకు ఊళ్లో కుటుంబాలను దత్తత ఇచ్చి ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు ఆ ఊరి పీహెచ్‌సీ డాక్టరు గారిని ఒక్క ప్రశ్న అడగమనండి: 'సార్, ఏ విషయం తెలిస్తే మీరు వచ్చే నెల పని తీరు మార్చుకుంటారు?' ఆయన బహుశా, బీపీ మాత్రలకు మొదటి నెల వచ్చినవాళ్లు మూడో నెలకు కనిపించడం లేదమ్మా అంటారు. సరే, బీపీ, షుగర్ రిజిస్టరు తీసి ఎంతమంది మానేశారో లెక్కపెట్టాలి. మానేసినవాళ్లలో కొందరి ఇళ్లకు వెళ్లి ఎందుకో తెలుగులో వినాలి. మాత్రలు అయిపోయాయా, కూలి పోతుందా, ఒళ్లు బాగుందని మానేశారా? ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు ఎంబీబీఎస్ పిల్లలకు రెండు నెలల స్టూడెంట్‌షిప్ ఇస్తారు, ఎస్‌టీఎస్ అంటారు. దానికి ఇది సరిపోయే అంశం. కాలేజీ ఎస్‌పీఎం డిపార్ట్‌మెంట్‌లో ఒక గైడ్ ఒప్పుకోవాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఇంటర్న్‌షిప్‌లోకి వెళ్లాక ఈ అవకాశం ఉండదు కాబట్టి ఈ ఏడే ప్రయత్నించాలి.

అయ్యాక రిపోర్టు ఐసీఎంఆర్‌కు పంపితే సరిపోదు. ఆ డాక్టరు గారికి ఒక్క పేజీ తెలుగులో రాసివ్వాలి. ఏం తేలింది, ఆయన చేతిలో ఉన్నంతలో ఏం మార్చొచ్చు, అంతే. కెనడాలో ఒక సంస్థ పరిశోధకులకు పెట్టిన పద్ధతి ఉంది: ముఖ్యమైన మాటలకు ఒక పేజీ, సారాంశానికి మూడు, మిగతా వివరమంతా ఇరవై ఐదు పేజీల్లో. అధికారులు చదివేది ఆ మొదటి పేజీనే. అది రాయడం ఇరవై ఐదు పేజీల కన్నా కష్టం.

ఆ పేజీ రాసేటప్పుడు ఆమెకు ఉత్సాహం వస్తే మీరు నిశ్చింతగా ఉండొచ్చు. రిజిస్టరు లెక్కలు చూసి విసుగొచ్చి, ఇళ్లలో బీపీ చూస్తూ పెద్దవాళ్లతో మాట్లాడడమే బాగుందనిపిస్తే, జనరల్ మెడిసిన్ ఎక్కడికీ పోదు. నీట్ పీజీకి ఇంకా టైముంది. అందాకా బంధువుల ఫోన్లు ఆమె దాకా వెళ్లకుండా మీరే చూసుకోండి.