నాయిన రివాల్వర్ బీరువాలో ఉంది, కొత్త పిస్టల్ కొనుక్కోవచ్చా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. పత్తి వ్యాపారం. సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ నుంచి రాత్రిపూట నగదుతో వస్తుంటాను. ఒకసారి బైకు మీద ఇద్దరు వెంటపడ్డారు. అప్పటినుంచి భయంతో నిద్ర లేదు. నాయినకు లైసెన్సు మీద .32 రివాల్వర్ ఉండేది. ఆయన పోయి 14 నెలలైంది, అది బీరువాలో ఉంది. ఇంటికి, ప్రయాణానికి, చేనుమీద పడే అడవి పందులకు, అన్నిటికీ పనికొచ్చే ఒక్క చేతి తుపాకీ కొనాలనుకుంటున్నాను. 9 ఎంఎం పిస్టల్ మంచిదంటున్నారు. పంచాయతీ ఎన్నికలప్పుడు ఆయుధం జమ చేయమని స్టేషన్ నుంచి ఫోన్ వస్తే నాయిన ఊళ్లో లేడని చెప్పాను. పాతదాన్ని కాకతీయ కాలువలో పడేసి కొత్తదానికి దరఖాస్తు పెట్టుకోమంటున్నాడు మా బామ్మర్ది. సలహా ఇవ్వగలరు.

జవాబు: ఏ పిస్టల్ మంచిదన్నది తర్వాత. మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ఒక్కటే: ‘అది బీరువాలో ఉంది.’

లైసెన్సు మీ నాయినగారికి ఇచ్చారు, మీ ఇంటికి కాదు. ఆయన పోయాక ఆ రివాల్వర్, దాని తూటాలు మీ దగ్గర లైసెన్సు లేకుండా ఉన్నట్టే. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 25(1బి)(ఎ) కింద దీనికి 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 2 ఏళ్లు, గరిష్ఠం 5 ఏళ్లు. ‘నాకు తెలియదు’ అనే దారి కూడా మీకు లేదు. తెలిసి దగ్గర పెట్టుకోవడమే స్వాధీనం అని 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు తెలుసని మీరే రాశారు. పైగా చనిపోయిన మనిషి ఊళ్లో లేడని పోలీసులకు అబద్ధం చెప్పారు. అది చాలా పెద్ద తప్పు. ఆ రోజు నిజం చెప్పి తీసుకెళ్లి ఇచ్చి ఉంటే ఇవాళ మీ చేతిలో రసీదు ఉండేది. ఇప్పుడు ఆ ఫోన్ కాల్ మీరు కావాలనే దాచారనడానికి సాక్ష్యం.

రోజులు గడిస్తే పాతబడిపోతుందని అనుకుంటున్నారేమో. మూడేళ్ల వరకు శిక్ష ఉండే నేరాలకే కాలపరిమితి వర్తిస్తుంది. ఇక్కడ శిక్ష 5 ఏళ్లు. పైగా ఆయుధం ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేరం కొనసాగుతూనే ఉంటుంది.

ఇక కాలువ సంగతి. ఆ పని మాత్రం చేయకండి! ఆయుధం నంబరు, ఎన్ని తూటాలు కొన్నారన్నది లైసెన్సు పుస్తకంలో, లైసెన్సింగ్ అధికారి రికార్డులో ఉన్నాయి. రేపు అడిగితే ఏం చూపిస్తారు? అప్పుడు అక్రమ స్వాధీనానికి తోడు సాక్ష్యం మాయం చేసిన నేరం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 238, కూడా మెడకు చుట్టుకుంటుంది. ఆ రివాల్వర్ ఏ పిల్లగాడి చేతికో, దొంగ చేతికో చిక్కితే జరిగే నష్టాన్ని ఏ వకీలూ పూడ్చలేడు. వేరే రాష్ట్రం అడ్రసు మీద లైసెన్సు తెప్పిస్తామనే ఏజెంట్లను కూడా గడప తొక్కనీయకండి.

దారి ఆయుధాల చట్టంలోనే ఉంది. లైసెన్సు చెల్లకుండా పోయిన ఆయుధాన్ని అనవసర ఆలస్యం లేకుండా దగ్గరి స్టేషన్‌లో గాని, లైసెన్సున్న డీలర్ దగ్గర గాని జమ చేయాలని సెక్షన్ 21 చెబుతుంది. 14 నెలలు ఆలస్యమే, దాన్ని కాదనలేం. అయినా పోలీసులు మీ గుమ్మం తొక్కేలోపు మీ అంతట మీరు ఇవ్వడానికీ, సోదాలో దొరకడానికీ చాలా తేడా ఉంది. ఈ నేరానికి కేసు నడపాలంటే సెక్షన్ 39 కింద జిల్లా మేజిస్ట్రేట్, అంటే మీ కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్, ముందస్తు అనుమతి కావాలి. ఆయన ఫైలు చూసే వేళకు మీ లేఖ అందులో ఉండి తీరాలి. నేరం మాసిపోతుందని నేను చెప్పను, కానీ మీకు ఉన్న బలమంతా ఆ కాగితమే.

కాబట్టి ముందు ఒక వకీలుతో లేఖ రాయించండి. మరణ ధ్రువపత్రం, లైసెన్సు పుస్తకం నకలు జత చేయండి. మిగిలిన తూటాలు ఎన్నో లెక్కపెట్టి రాయండి. ఎన్నికలప్పుడు చెప్పిన అబద్ధాన్ని కప్పిపుచ్చే కొత్త కథ మాత్రం అల్లొద్దు. ఆ భాగం ఎలా రాయాలో మీ వకీలు నిర్ణయించాలి. ఆయన్ని వెంటబెట్టుకునే స్టేషన్‌కు వెళ్లండి. రసీదులో ఆయుధం నంబరు, తూటాల సంఖ్య, తేదీ, ముద్ర కనబడాలి. ఇది ఈ వారంలోనే కావాలి.

తర్వాత ఆ రివాల్వర్‌నే మీ పేరు మీదికి మార్చుకోండి. లైసెన్సుదారు చనిపోతే వారసుడికి లైసెన్సు ఇచ్చే వీలు ఆయుధాల నిబంధనలు 2016లో ఉంది. మీరుండేది కమిషనరేట్ పరిధి కాబట్టి దరఖాస్తు వరంగల్ పోలీస్ కమిషనర్‌కు పెట్టాలి. అమ్మగారు, తోబుట్టువులు అభ్యంతరం లేదని అఫిడవిట్లు ఇస్తే పని సులువు. జమ చేసి ఊరుకోకండి, గడువులో లైసెన్సు తెచ్చుకోకపోతే ఆయుధం ప్రభుత్వపరం కావచ్చు. వెంటపడిన ఆ ఇద్దరి గురించి అప్పుడు ఫిర్యాదు ఇచ్చారా? ఇవ్వకపోతే ఇప్పుడైనా రాతపూర్వకంగా ఇవ్వండి. ప్రాణభయం ఉందని నోటితో చెబితే సరిపోదు, ఫిర్యాదు నకలు, మార్కెట్ తక్‌పట్టీలు (సరుకు అమ్మిన రసీదులు), బ్యాంకు లావాదేవీలు చూపాలి.

9 ఎంఎం ఆలోచన మానుకోండి. అది మామూలు పౌరులకు లైసెన్సు ఇవ్వని నిషిద్ధ బోరు (బోరు అంటే తుపాకీ గొట్టం కొలత). నిషిద్ధ ఆయుధం కింద కేసు పడితే శిక్ష 7 ఏళ్ల నుంచి 14 ఏళ్ల దాకా. మీ అవసరానికి .32 రివాల్వర్ చాలు. దాన్ని తుపాకులు బాగుచేసే మంచి ఆర్మరర్‌కు చూపించి బాగు చేయించుకోండి. పందుల కోసం మాత్రం దాన్ని బయటికి తీయకండి. ఆత్మరక్షణకిచ్చిన లైసెన్సుతో అడవి జంతువును కాలిస్తే వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద వేరే కేసు. అందుకు అటవీ శాఖ అనుమతి విడిగా ఉండాలి.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, అది మీ హక్కు. ఆయుధాల చట్టం సెక్షన్ 18 కింద అప్పీలుకు గడువు తక్కువ, ఉత్తర్వు అందిన రోజే కవరు మీద తేదీ వేసి, అదే రోజు వకీలు చేతికివ్వండి.