కోరింది దొరికినా తృప్తి ఎందుకు నిలవదు?

ప్రశ్న: ప్రార్థన మానను, ఆరాధనకు తప్పకుండా వెళ్తాను. అయినా కోరుకున్నది చేతికి రాగానే మనసు ఇంకోదాని మీదికి పోతోంది. దేవునిలో తృప్తి దొరకాలంటే కోరికలన్నీ చంపుకోవాలా?

జవాబు: అక్కర్లేదండీ. ఉన్నదాన్ని అనుభవించి సంతోషించడం కూడా దేవుని వరమేనని బైబిల్లోని ప్రసంగి 5:19 చెబుతోంది. దేవుడు మాత్రమే ఇవ్వగలిగినదాన్ని వస్తువు నుంచో హోదా నుంచో ఆశించినప్పుడే చిక్కు. యిర్మీయా 2:13 ఇక్కడ రెండు తప్పులు చూపిస్తుంది: జీవజలాల ఊటను విడిచిపెట్టడం, నీళ్లు నిలవని, బద్దలైన తొట్లు తొలిపించుకోవడం. చాలామంది రెండోది మానేసి ఊరుకుంటారు. ఊట దగ్గరికి రారు. అందుకే ఒక కోరిక వదిలిన చోట మరొకటి వచ్చి కూర్చుంటుంది.

ప్రార్థన క్రమం మార్చి చూడండి. 63వ కీర్తన తీసుకోండి. దావీదు యూదా అరణ్యంలో, నీళ్లులేని ఎండిన నేల మీద ఉన్నాడు. కానీ 11 వచనాల్లో ఎక్కడా నీళ్లడగలేదు! దేవుణ్ణే వెదికాడు, ఆయన కృప జీవం కన్నా ఉత్తమమన్నాడు, రాత్రి పడక మీద ఆయన్నే తలచుకున్నాడు. ఆ కీర్తన రోజుకొకసారి పైకి చదవండి. ఒక్కో వచనం దగ్గర ఆగి, అందులోని మాటతోనే దేవుణ్ణి స్తుతించండి. విన్నపాలు చివర్లో పెట్టండి. ముందే పెడితే ప్రార్థనంతా అవే ఆక్రమిస్తాయి.

మొదట్లో మనసు పొడిగానే ఉండొచ్చు, కంగారుపడి మానేయకండి. సంతృప్తిగా ఉండటం తాను నేర్చుకున్నానని పౌలు బంధకాల్లో ఉండి రాశాడు (ఫిలిప్పీ 4:11).