నొప్పి లేని పుండుకు పసరు కట్టి కూర్చోకండి

ప్రశ్న: మా అమ్మగారికి 58 ఏళ్లు. 12 ఏళ్లుగా షుగర్ ఉంది. అలిపిరి మెట్ల దారిలో చెప్పులు లేకుండా కొండెక్కి వచ్చాక బొటనవేలి కింద బొబ్బ లేచి పుండైంది. మూడు వారాలుగా వేపాకు, పసుపు నూరి కడుతున్నాము. కొంచెం నీరు కారుతోంది కానీ నొప్పి లేదు. వేప, పసుపు, తులసి, వీటిలో ఏ రసాయనం సూక్ష్మజీవులను బాగా చంపుతుంది? మూడూ కలిపి కట్టవచ్చునా?
- ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: మీ లేఖలో నేను రెండుసార్లు చదివిన మాట ‘నొప్పి లేదు’ అన్నది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది కనుక, నొప్పి లేకపోవడం పుండు మానుతున్నదనడానికి గుర్తు కాదు; లోపల ఎముక దాకా చీము పట్టినా వారికి తెలియకపోవచ్చు. చూడకుండా నిర్ధారణ చేయలేను గానీ, మూడు వారాలు ఆగడం మాత్రం పొరపాటే.

ఇక ఆకుల సంగతి. వేపలో నింబిడిన్, నింబోలైడ్, పసుపులో కర్‌క్యుమిన్, తులసిలో యూజెనాల్ ఉన్న మాట, ప్రయోగశాలలో అవి కొన్ని బ్యాక్టీరియాలను అడ్డుకున్న మాట నిజమే. అయితే అక్కడ సాధారణంగా ఎండిన ఆకు సారాన్ని మిథనాల్ వంటి ద్రావకంతో తీసి, గాజు పళ్లెంలో పెంచిన బ్యాక్టీరియా మీద ఉంచి, చుట్టూ ఎంత మేర అవి పెరగలేదో కొలుస్తారు. మీ రోటిలో నూరిన ముద్దలో ఆ సారం ఎంత ఉన్నదో ఎవరూ కొలవలేదు. కర్‌క్యుమిన్ అయితే నీటిలో దాదాపు కరగనే కరగదు. పైగా గాజు పళ్లెంలో చీము, చచ్చిన కండ, సన్నగిల్లిన రక్తప్రసరణ ఉండవు. మొక్కల మీద నాకు చిన్నచూపు లేదు: మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ మొక్క నుంచే వచ్చింది, దానికి 2015లో నోబెల్ కూడా దక్కింది. కానీ అది సారాన్ని వేరు చేసి, మోతాదు తేల్చి, రోగులలో పరీక్షించిన తరువాతే మందైంది. నూరిన ముద్దతో ఇంకొక చిక్కు ఏమిటంటే, ఆ పచ్చదనం కింద ఎరుపు, నలుపు కనబడవు. మా దగ్గరకు వచ్చేవారిలో ముందు పసరు కడిగితే గాని పుండు ఎంతున్నదో తెలియదు.

కనుక మూడూ కలపవద్దు, ఒక్కటీ కట్టవద్దు. కాచి చల్లార్చిన నీటితో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ కప్పి, ఆ కాలి మీద బరువు పడకుండా చూసి, రేపటికల్లా తిరుపతిలోని రుయా ఆసుపత్రికో, స్విమ్స్ ఆసుపత్రికో, దగ్గరలోని సర్జన్ దగ్గరకో తీసుకువెళ్లండి. వేడినీళ్లలో కాలు పెట్టించకండి. కాలినా ఆమెకు తెలియదు. మెడికల్ షాపులో అడిగి మూడు రోజుల యాంటీబయాటిక్ మింగించడమూ వద్దు. ముందు చీములో ఏ సూక్ష్మజీవి ఉన్నదో తేల్చే కల్చర్, ఎక్స్‌రే, గడచిన రెండు మూడు నెలల సగటు షుగర్ తెలిపే హెచ్‌బిఎ1సి, పాదంలో నాడి పరీక్ష అవసరం కావచ్చు. టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే టీకా) ఎప్పుడు వేయించారో డాక్టరుకు చెప్పండి. జ్వరం, దుర్వాసన, వేలు నల్లబడటం, ఎరుపు పైకి పాకడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. షుగర్‌కని తిప్పతీగ కషాయం ఇస్తూ ఉంటే అదీ దాచకండి. దానివల్ల కాలేయం దెబ్బతిన్న సందర్భాలు మన దేశంలో నమోదయ్యాయి.

మెట్లు రెండు కాళ్లతోనే ఎక్కారు గదా, రెండో అరికాలును కూడా డాక్టరుకు చూపించండి.