టెక్ సందేహాలు: ఫోటోలు 412, పేర్లు 415

ప్రశ్న: మాది ఉన్నత పాఠశాల. గుర్తింపు కార్డుల కోసం పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి కెమెరాతో ఫోటోలు తీయించాం. అన్నీ డీఎస్‌సీ, దాని పక్కన ఒక అంకె అన్న పేర్లతోనే ఉన్నాయి. వాటికి అడ్మిషన్ నంబర్లు పేర్లుగా పెట్టాలి. నంబర్లు, పేర్లు ఎక్సెల్ షీట్‌లో తరగతుల వారీగా ఉన్నాయి. షీట్‌లో 415 వరుసలు, ఫోల్డర్‌లో 412 ఫోటోలు. ఒకేసారి మార్చే వీలుందా?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: ఉంది టీచర్ గారూ. మార్చడం అర నిమిషం పని. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ 415, 412 అంకెలు. ముగ్గురు రాలేదనుకుని ముందుకు వెళ్లకండి. అయిదుగురు రాకపోయి, ఇద్దరు కళ్లు మూయడం వల్ల రెండోసారి తీసి ఉంటే కూడా తేడా మూడే వస్తుంది. పైనుంచి కిందికి వరుసగా పేర్లు పెట్టేస్తే, మొదటి గైర్హాజరు దగ్గర నుంచి ఒకరి ముఖానికి మరొకరి నంబరు పడుతుంది. కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పదు. కార్డులు అచ్చయ్యాకే తెలుస్తుంది.

కాబట్టి ముందు జత కుదర్చండి. షీట్‌లో ‘ఫోటో’ అని కొత్త కాలమ్ చేర్చండి. ఫోల్డర్‌ను పెద్ద ఐకాన్లలో తెరిచి, పక్కన షీట్ పెట్టుకుని, తరగతి ఉపాధ్యాయుణ్ణి కూర్చోబెట్టుకోండి. ఒకే పిల్లవాడి రెండు ఫోటోలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ముందు వాటిని ఏరి పక్కన పెట్టండి. తర్వాత హాజరు పట్టీ చూసి ఆ రోజు రానివాళ్ల గడి ఖాళీగా వదలండి. ఒక సెక్షన్‌లో మొదటి ముఖం, చివరి ముఖం సరిపోయినంత మాత్రాన మధ్యలోవి సరిపోయినట్టు కాదు; ఒకరు తగ్గి, ఒకరు రెండుసార్లు పడితే చివరలు కలుస్తాయి, నడుమ అంతా ఒక అడుగు పక్కకు జరిగి ఉంటుంది. అబ్బాయి పేరు ఎదురుగా అమ్మాయి ఫోటో కనిపిస్తే జరుగుడు అక్కడికి కాస్త ముందే మొదలైందని అర్థం. అబ్బాయిలు, అమ్మాయిలు విడివిడిగా నిలబడి ఉంటే ఈ ఆధారమూ ఉండదు, ప్రతి ముఖమూ చూడాల్సిందే. విసుగు పనే. కానీ ఇది మనిషి చేయాల్సిన పని, ఏ సాఫ్ట్‌వేరూ చేసిపెట్టదు.

పాత ఫైలు పేర్లను చేత్తో టైప్ చేయనక్కర్లేదు. ఫోల్డర్‌లో అన్నింటినీ ఎంచుకుని, మొదటి ఫోటో మీదే రైట్ క్లిక్ చేసి ‘కాపీ యాజ్ పాత్’ నొక్కండి (విండోస్ 10లో షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేయాలి). వేరే ఫోటో మీద క్లిక్ చేస్తే జాబితా అక్కడి నుంచి మొదలై వరుస చెదురుతుంది. ఎక్సెల్‌లో అతికించి, ఫోల్డర్ దారినీ కొటేషన్ గుర్తులనూ రీప్లేస్‌తో తీసేస్తే పేర్లు మిగులుతాయి. రానివాళ్ల దగ్గర ఖాళీలు వదులుతూ వాటిని ‘ఫోటో’ కాలమ్‌లోకి చేర్చండి.

అడ్మిషన్ నంబర్ల దగ్గర రెండు చిక్కులు. చాలా బడుల్లో నంబరు పక్కన గీత గీసి సంవత్సరం రాస్తారు. ఆ ఏటవాలు గీతను విండోస్ ఫైలు పేరులో ఒప్పుకోదు, అడ్డగీతగా మార్చండి. రెండోది ఎక్సెల్ తెలివి. 0457 అని కొడితే 457 చేస్తుంది, 6/2023 అని కొడితే తేదీ అనుకుంటుంది. అందుకే నంబర్లు ఎక్కించక ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాలి. నంబర్లలో ఒకటే రెండుసార్లు పడిందేమో ‘డూప్లికేట్ వాల్యూస్’ రంగు వేయించి చూడండి. పేర్లతో ఫైళ్లు చేయకపోవడం మంచి నిర్ణయం. ఒక బడిలో సాయికుమార్‌లు ఎంతమంది ఉంటారో మీకు చెప్పాలా!

ఇక ఆ అర నిమిషం. ముందు ఫోల్డర్ మొత్తానికి ఒక కాపీ తీసి, కాపీ మీదే పని చేయండి. ఫోటో లేని వరుసలు వదిలేసి, కొత్త షీట్‌లో మూడు కాలమ్‌లు చేయండి. మొదటి దానిలో ప్రతి వరుసలోనూ ఆర్, ఇ, ఎన్ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు (పేరు మార్చమని విండోస్‌కు ఇచ్చే ఆదేశం), రెండో దానిలో పాత పేరు, మూడో దానిలో అడ్మిషన్ నంబరు, దాని వెనుక చుక్క జేపీజీ. పేర్లలో ఎక్కడా ఖాళీ జాగా ఉండకూడదు. మూడింటినీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి, చివర ‘పాజ్’ అన్న ఇంగ్లిష్ మాట ఒక వరుసలో చేర్చండి. ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకుని, పేరు చివర చుక్క బ్యాట్ (.bat) అనే తోకతో ఫోటోల ఫోల్డర్‌లోనే సేవ్ చేసి, దాని మీద డబుల్ క్లిక్ చేయండి. కుదరని పేర్లు నల్లటి తెర మీద తప్పుగా కనిపిస్తాయి, పాజ్ ఉన్నందువల్ల చదివే వీలు ఉంటుంది. ఈ ఆదేశం ఉన్న ఫైలు మీద మరో ఫైలును రాయదు కాబట్టి ఫోటో పోయే భయం లేదు. తర్వాత తప్పు తేలితే రెండో, మూడో కాలమ్‌లను తారుమారు చేసి నడిపితే పాత పేర్లు తిరిగొస్తాయి. ఆ షీట్‌ను పారేయకండి.

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని పవర్‌రీనేమ్‌ గురించి చాలామంది అడుగుతారు. మంచి పరికరమే. కానీ అది ఒక మాటను ఇంకో మాటతో మార్చడానికి, మీ షీట్‌ను చదవదు.

వచ్చే ఏడాది ప్రతి పిల్లవాడి ఫోటోకు ముందు అడ్మిషన్ నంబరు రాసిన కాగితాన్ని ఒక ఫోటో తీయించండి. ఫోటోలు రెట్టింపవుతాయి, తగువు సగం కాదు, పూర్తిగా పోతుంది.

ప్రశ్న: బట్టల దుకాణం మాది. చీరల ఫోటోలు వాట్సాప్‌లో వస్తాయి. తీసిన తేదీ ప్రకారం పేర్లు పెట్టుకోవచ్చా?

జవాబు: వాట్సాప్ మామూలుగా పంపిన ఫోటోలో కెమెరా రాసిన తేదీ వివరాలు మిగలవు. ఫైలు పేరులో కనిపించే తేదీ అది మీకు చేరిన రోజుది. ఫోటోను డాక్యుమెంట్‌గా పంపమని సరఫరాదారుకు చెప్పండి, అసలు ఫైలే వస్తుంది. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో, 2024-06-12 లాగా రాస్తే ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి.

ప్రశ్న: ఐఫోన్ ఫోటోల తోకను హెచ్ఈఐసీ నుంచి జేపీజీగా మార్చాను. అయినా వెబ్‌సైటు తీసుకోవడం లేదు.

జవాబు: పేరు మారింది, లోపలి ఫైలు మారలేదు. ఫోటోను తెరిచి ‘సేవ్ యాజ్’తో జేపీజీగా దాచాలి. ఇకపై తీసేవాటికి ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకోండి.